అలుపెరగని గంగాదేవి

రామకోటేశ్వరరావు కారులోంచి గంగాదేవి దిగిందంట. దిగి, తలుపు మెల్లగా వేసి, లోపలున్న పెద్దమనిషికి దణ్ణం కూడా పెట్టిందంట.

కొండలమ్మ దీన్ని కళ్లారా చూడలేదు. చూసింది ఆమె మరిది. కాలవ వంతెన పిట్టగోడ మీద వల ఆరేస్తూ, కారు దిగుతున్న మనిషిని చూసి, ఇంటికొచ్చి ఒక ముక్క చెప్పాడు. ఆ ముక్కకి దణ్ణం తగిలించింది కొండలమ్మ. అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు వలిచి పెడుతున్న మార్త దగ్గరికి వచ్చేసరికి అది ఏసీ కారయింది, గంగాదేవి ముందు సీట్లో కూర్చుంది, ఒళ్లో ఏదో సంచి కూడా ఉంది. మార్త విజయవాడలో ఉన్న తమ్ముడు ఫిలిప్‌కి ఫోన్ చేసి చెప్పినప్పుడు మాత్రం తన వంతుగా ఏమీ కలపలేదు.

"కొండలమ్మ అన్నది అన్నట్టు చెప్తున్నాన్రా. నేను చూళ్లేదు. పేపర్లో పనిచేస్తున్నావు కదా అని చూసినట్టు రాసేవు."

కిందటి వారం మనం గంగాదేవిని వదిలింది సరిగ్గా ఆ వంతెన మీదే. కారు వెళ్లిపోయింది, ఆమె నిలబడిపోయింది, వల ఆరేసేవాడి చేతులు ఆగిపోయాయి. ఒక ఆడమనిషి కారు దిగితే ఊరికేమిటి నష్టం అని ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్లు అడగొచ్చు. చినరేవు అవనిగడ్డకు అవతల, పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న చేపలవాళ్ల పల్లె. పడవలు ఆగే రేవు నుంచి తారురోడ్డుకి ఒకప్పుడు తిన్నగా దారి ఉండేది. ఆ దారిని లోపలికి కలుపుకుని రామకోటేశ్వరరావు రొయ్యల చెరువు తవ్వాడు. అప్పట్నుంచి పల్లె ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని చెరువు చుట్టూ తిరిగి రోడ్డెక్కుతున్నారు. ఐసు కరిగి మెడ మీదుగా కారుతుంది. ఆటోవాడు అంతసేపు ఆగడు. చేప మెత్తబడితే బజార్లో అడిగేవాడుండడు. ఆ దారి కోసం ఏళ్ల తరబడి రెవెన్యూ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతున్న మనిషి గంగాదేవి. పేపర్లో ఆమె పేరు ఒంటరిగా ఎప్పుడూ రాదు. 'అలుపెరగని గంగాదేవి' అనే వస్తుంది. శుక్రవారం నాడు రెండు పక్షాలనీ కూర్చోబెట్టి తేలుస్తామని ఆఫీసు నుంచి కబురు పెట్టారు. అలాంటి వారంలో, ఎవరి మీద పోరాడుతోందో ఆయన కారులోంచే ఆమె దిగింది. ఒక్క మార్త తప్ప పల్లె ఆమెతో మాట్లాడటం మానేసింది.

గురువారం మధ్యాహ్నం ఆ గంగాదేవే విజయవాడ బెంజ్ సర్కిల్లో బస్సు దిగింది.

పేపరాఫీసు చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ అందులో చీరల మూటలు ఎక్కిస్తున్నారు. గంగాదేవి మెట్లే ఎక్కింది. మలుపు దగ్గరల్లా గోడకి చెయ్యి ఆనించి ఆగింది. పైన సెక్యూరిటీ ఆయన ఆమె చేతిలో సంచి చూసి ముక్కు చిట్లించాడు.

"ఏంటమ్మా అది?"

"ఎండు రొయ్యలు. ఫిలిప్ బాబుకి వాళ్లక్క పంపింది. విప్పి చూపించమంటావా?"

ఆయన వద్దని చెయ్యి ఊపి లోపలికి పంపేశాడు.

ఫిలిప్ డెస్కులో సబ్ ఎడిటరు. ఊళ్ల నుంచి విలేకర్లు పంపిన వార్తలు దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలో అమర్చడం అతని పని. గంగాదేవి గురించి ఇన్నేళ్లుగా చాలా వార్తలు అతని చేతి మీదుగానే వెళ్లాయి గానీ మనిషిని చూడటం ఇదే మొదలు. ఫోటోలో కంటే పొట్టిగా ఉంది. అతను లేచి తన కుర్చీ ఇచ్చి, పక్క టేబుల్ దగ్గర్నుంచి ఇంకోటి లాక్కున్నాడు. సీసాలో నీళ్లు ఇచ్చాడు. ఆమె సగం తాగి, మిగతా సగం చేతిలో పోసుకుని మెడ తుడుచుకుంది.

"మార్తమ్మ తమ్ముడివంటే నల్లగా ఉంటావనుకున్నా" అంది.

"అక్క చెప్పింది లెండి. కారు సంగతి."

"ఎక్కడిదాకా వచ్చింది కతా? దణ్ణం పెట్టానా?"

"పెట్టారు. ముందు సీట్లో కూర్చున్నారు. ఏసీ కూడా ఉంది."

"ఏసీ ఉందిలే, అది నిజమే." ఆమె మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చిపోయింది. "ఆ రోజు ఆఫీసు నుంచి వస్తన్నా బాబూ. బస్సోడు మలుపు దగ్గరే దించేశాడు. నడిచి నడిచి తూము మీద కూలబడ్డా. కారాగింది. ఎక్కమన్నాడు. ఎక్కా. నా మోకాళ్లకి కారు ఎవరిదో ఏం తెలుసుద్ది?"

"ఏమన్నాడాయన?"

"ఏమంటాడు, ఆయనకీ షుగరంట. ఆఫీసులకి తిరగలేకపోతన్నానన్నాడు." గంగాదేవి సంచి ఒళ్లోకి తీసుకుంది. "చెరువు తూర్పు గట్టు వదిలేస్తానన్నాడు. ఆటో పట్టేంత వెడల్పు చేయించి పంచాయతీ పేరున రాసిచ్చేస్తాడంట. రేపు ఆఫీసరుగారి ముందర సంతకాలు. పాత దారికి ఇది కొంచెం చుట్టే. కానీ ఆటో రేవు దాకా వస్తది. ఆటో వస్తే గంప నెత్తి మీద ఎందుకుంటది?"

ఫిలిప్‌కి సంతోషమే వేసింది. "ఇంకేం కావాలమ్మా? పెట్టేయండి సంతకం."

"పెడదామనే ఉంది. మీరు పెట్టనిచ్చేట్టు లేరు."

ఆమె మెట్లెక్కి వచ్చిన పని అప్పుడు చెప్పింది. ఆదివారం అనుబంధంలో ఆమె గురించి పెద్ద పేజీ వస్తోంది. అవనిగడ్డ విలేకరి హేమసుందర్ పోయిన నెల్లో వచ్చి, చెరువు గట్టు మీద నిలబెట్టి, నీళ్ల వైపు వేలు చూపించమని ఫోటో తీసుకున్నాడు. ఫోటో కింద ఏ మాట పెడుతున్నారో కూడా పల్లెలో అందరికీ చెప్పి వెళ్లాడు. 'చివరి శ్వాస వరకు పోరాటమే.'

"నేనట్టా అన్లేదు బాబూ."

"మరేమన్నారు?"

"ఎన్నాళ్లు పోరాడతారమ్మా అన్నాడు. ఏమోనయ్యా, వీళ్లు చచ్చిందాకా తిప్పేట్టున్నారు అన్నాను."

ఫిలిప్ నవ్వబోయి ఆగాడు. హేమసుందర్ అబద్ధం రాయలేదు. ఆమె మాటని పేపరు మాటలోకి మార్చాడు, అంతే. రోజూ అందరూ చేసే పనే అది.

డెస్కులో చేరిన కొత్తల్లో ఫిలిప్‌కి ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే అబ్బిన విద్య ఒకటుంది. దరఖాస్తు పెట్టుకున్న మనిషి గెలిస్తే 'ఫలించిన' అని మొదలుపెట్టాలి. ఓడితే 'నిరాశే మిగిలింది' అని ముగించాలి. గెలవక, ఓడక, తిరుగుతూనే ఉంటే 'అలుపెరగని పోరాటం'. పేజీ పెద్దదైతే 'మొక్కవోని దీక్ష'. తిరిగే మనిషికి ఇన్ని మాటలు సిద్ధంగా ఉంటాయి. తిప్పే మనిషికి ఒక్కటీ ఉండదు. ఆయన వార్త చివర్లో వచ్చి, పరిశీలిస్తామని చెప్పి, ఏ మాటా అంటకుండా వెళ్లిపోతాడు.

"ఆ మాట పడ్డాకే నాకు కష్టం ఎక్కువైంది" అంది గంగాదేవి, కోపం లేకుండా. "ముందు ఆటో నిండా ఆడోళ్లం వెళ్లేవోళ్లం. కొండలమ్మ కూడా వచ్చేది, దార్లో జంతికలు తెచ్చేది. పేపర్లో నా పేరు పెద్దచ్చరాల్లో వచ్చిన కాడ్నించి ఒక్కొక్కళ్లే ఆగిపోయారు. నువ్వున్నావుగా వదినా అంటారు. నాకు అలుపు లేదు కాబట్టి ఊరందరికీ అలుపొచ్చింది."

"వాళ్లు మిమ్మల్ని నమ్మారమ్మా."

"నమ్మార్లే. ఆఫీసులో అటెండరు కూడా నమ్మాడు. మొదట్లో నేను వెళ్తే స్టూలు జరిపేవోడు. ఇప్పుడు అలుపెరగని అమ్మగారొచ్చారండీ అని లోపలికి కేకేస్తాడు. అందరూ తలెత్తి చూసి నవ్వుతారు, మర్యాదగానే. పక్కన నిలబడి ఫోటో దిగుతారు. స్టూలు మాత్రం జరపరు."

ఆమె ఇంకేదో చెప్పబోతుంటే అద్దాల గదిలోంచి జానకిరామ్ గొంతు వినిపించింది. ఆయన ఆదివారం పేజీలకు ఇన్‌చార్జి. తల నెరిసిన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు.

"ఫిలిప్, మైలవరం హెడ్డింగు చూడు. పొట్టిగా వచ్చింది. పక్కన చోటంతా తెల్లగా కనిపిస్తోంది."

"చూస్తున్నా సార్."

ఫిలిప్ మానిటర్ తనవైపు తిప్పుకున్నాడు. 'కబడ్డీ గురువు కృషి' అని ఉంది. రెండు పక్కలా ఖాళీ. అతని వేళ్లు ఆలోచించలేదు. ముందు ఒక మాట కొట్టాయి. హెడ్డింగు ఆ చివర నుంచి ఈ చివరకి చక్కగా సర్దుకుంది.

గంగాదేవి చదువు నాలుగో తరగతి. పేపరు గబగబా చదవలేదు గానీ, ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పల్లె మొదట్లో పెద్దబ్బాయి అనే ఊరి పెద్ద కట్టించిన ఫ్లెక్సీ మీద, తన మొహం పక్కన, రెండేళ్లుగా ఎండకి వెలిసిపోతూ ఉన్నది అదే.

"అది నా మాట కదా" అంది.

ఆమె తెర మీదికి వంగి మిగతా మాటలు కూడబలుక్కుంది.

"ఎవరీయన?"

"మైలవరంలో పిల్లలకి కబడ్డీ నేర్పిస్తాడమ్మా."

"ఆయనకీ అలుపు రాదా?"

"తెలీదు. నేనాయన్ని చూళ్లేదు."

"మరెందుకు పెట్టావు?"

"చోటు మిగిలింది."

గంగాదేవి తెర వైపు నుంచి అతని వైపు తిరిగింది.

"నాకూ చోటు మిగిలే పెట్టావా?"

మొదటిసారి ఆ వార్త వచ్చిన సాయంత్రం ఫిలిప్‌కి లీలగా గుర్తుంది. మూడు కాలమ్‌ల వెడల్పు, చాలీచాలని పేరు. అతను నోరు తెరిచేలోపే ఆమె తల ఊపింది. ఆమెకి కావలసింది అతని మొహంలో దొరికింది.

"పోన్లే" అంది. "నాలో ఏం చూసి పెట్టారా అని నేను అప్పుడప్పుడూ అనుకునేదాన్ని. ఊరికే పెట్టిందైతే ఊరికే తీసెయ్యొచ్చుగా. తీసెయ్ బాబూ."

అతను ఆదివారం పేజీ తెరిచాడు. చెరువు వైపు వేలు చూపిస్తున్న గంగాదేవి తెర నిండా వచ్చింది. ఆ పైన పెద్ద అక్షరాల్లో 'అలుపెరగని గంగాదేవి'. మొదటి మాట మీద నల్లగా గీత లాగి, డిలీట్ నొక్కాడు. పేరు ఒక్కటే మిగిలింది. చుట్టూ తెల్లటి ఖాళీ.

ఆ ఖాళీ జానకిరామ్ గది దాకా కనిపించినట్టుంది. ఆయన లేచి వచ్చాడు. వచ్చి, కుర్చీలో ఉన్నదెవరో గుర్తుపట్టి, చేతులు జోడించాడు. ఫిలిప్ సంగతంతా చెప్పాడు. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"అమ్మా, మీ మంచి కోరేవాణ్ణే చెప్తున్నాను" అన్నాడు. "పేపర్లో మీ పేరు పదే పదే రాబట్టే ఆ చెరువాయన మీ కోసం కారు ఆపాడు. ఊరికే ఆపడు కదా. మీరు అలిసిపోయారని ఆదివారం మేం వేస్తే, ఆ గట్టు కూడా ఇస్తాడో ఇవ్వడో."

"ఆదివారం కంటే ముందు శుక్రవారం వస్తది కదయ్యా. రేపే సంతకం."

"రేపు సంతకం అయితే మంచిదే. కాకపోతే? ఆయన మాట మార్చాడనుకోండి. ఆఫీసరు గారు సెలవు పెట్టారనుకోండి. మా పేజీ ఈ సాయంత్రమే మూసెయ్యాలి. ఆదివారం పేజీ గురువారం దాటి ఆగదు. పోరాడతానన్న మనిషి సంతకం పెట్టినా ఇబ్బందే, సంతకం పెడతానన్న మనిషికి దారి రాకపోయినా ఇబ్బందే."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. గంగాదేవికీ అలాగే అనిపించినట్టుంది. ఎండు రొయ్యల సంచి టేబుల్ మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ ఇబ్బంది నాకర్థమైంది బాబూ. నా ఇబ్బంది చెప్తా వినండి. ఆదివారం మీరు చివరి శ్వాస అని వేస్తారు. రేపు నేను సంతకం పెట్టొస్తాను. పేపరు చదివి పల్లెలో ఏమంటారు? గంగాదేవి అమ్ముడుపోయిందంటారు. ఇప్పటికే కొండలమ్మ మరిది సగం అనేశాడు. అంటే నేను ఆ గట్టు తెచ్చినా నేను దాని మీద నడవలేను. దారి లేకుండా బతికాను, అది చాతనయింది. మాట పడి బతకడం నాకు చాతకాదు."

జానకిరామ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక పని చేద్దాం. మీ ఊరి పెద్ద ఎవరు? పల్లె కూడా ఈ గట్టుకి ఒప్పుకుందని ఆయన నోటితో ఒక్క ముక్క వస్తే, నేను పేజీ మొత్తం మారుస్తాను. 'చినరేవుకి దారి' అని వేస్తాను. మీ పేరు ముందు ఏ మాటా ఉండదు. నా పూచీ."

గంగాదేవి కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది. "పెద్దబ్బాయి. నాకు బావ వరస. ఆయనే ఫ్లెక్సీ కట్టించాడు."

ఫిలిప్ ఆమె ఫోన్ తీసుకుని నంబరు నొక్కి, అందరికీ వినపడేట్టు టేబుల్ మీద పెట్టాడు. చాలాసేపు మోగాక ఎత్తారు. వెనక గాలి, మగవాళ్ల మాటలు, ఎవరో దగ్గు.

"బావా, నేను గంగాని. బెజవాడ పేపరాఫీసు నుంచి."

"తెలుసులే. పొద్దున బస్సెక్కావని చెప్పారు. మేం వంతెన మీదే కూర్చున్నాం."

"ఎందుకు?"

"నువ్వొస్తావు కదా, మాట్టాడదామని."

ఆమె తూర్పు గట్టు సంగతి వివరంగా చెప్పింది. ఆటో పట్టే వెడల్పు, పంచాయతీ పేరున రాయడం, రేపటి సంతకాలు. ఒక్క మాట కూడా తొందరపడలేదు. ఫోన్ అవతల దగ్గు కూడా ఆగింది.

"అయిందా?" అన్నాడు పెద్దబ్బాయి. "ఇప్పుడు నే చెప్పేది విను. మన తాతలు నడిచిన దారి పాత దారి. గట్టిస్తా, గుట్టిస్తా అంటే కుదరదు. పాత దారే కావాలి. నువ్వే కదే అలా చెప్పావు, పేపర్లో కూడా వచ్చింది. ఇప్పుడు నువ్వు ఆయన కారెక్కి వచ్చి గట్టు చాలంటే, పక్క పల్లెలోళ్లు మన మొహాన ఊస్తారు."

"పాత దారి మీద ఇప్పుడు నీళ్లున్నాయి బావా."

"తీయిస్తాం. కోర్టుకెళ్దాం. ఇన్నాళ్లు తిరిగినదానివి ఇంకో రెండేళ్లు తిరగలేవా? నీ వెనక ఊరంతా ఉంది."

వెనకాల ఎవరో "అవునవును" అన్నారు. మగగొంతులే. చేపల గంప ఎప్పుడూ నెత్తికెత్తుకోని గొంతులు.

జానకిరామ్ ఫోన్ వైపు వంగి, తన పేరు చెప్పి, పెద్దరికంగా అడిగాడు. "పెద్దబ్బాయి గారూ, గంగాదేవి గారికి ఆరోగ్యం బాగోలేదండి. కాళ్లు నొప్పులంటున్నారు. పల్లె తరఫున ఆలోచించి చెప్పండి."

"అయ్యగారూ, మీరే కదండీ రాసింది, అలుపెరగని మనిషని. మాకు తెలీదా ఆమె సంగతి? ఆమెకేం కాదు. మీరు పేజీ వెయ్యండి. ఆదివారానికి కొత్త ఫ్లెక్సీ కూడా చెప్పాం."

జానకిరామ్ నిటారుగా లేచాడు. ఫిలిప్ తెర వైపు చూశాడు. పేరుకి రెండు పక్కలా తెల్లటి చోటు అలాగే ఉంది. పేజీ మూసే వేళ దగ్గరికొస్తోంది. కర్సర్ ఆమె పేరు ముందు నిలబడి కొట్టుకుంటోంది.

గంగాదేవి లేచింది. మోకాలు ఒకసారి పట్టేస్తే టేబుల్ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, నోటికి దగ్గరగా పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"సరే బావా. ఆరింటి బస్సుకి వస్తన్నా. వంతెన మీదే ఉండండి. పాత దారే కావాలంటే అట్టాగే కానీ. రేపు ఆఫీసుకి నువ్వెళ్లు, ఎల్లుండి కోర్టుకి నువ్వే వెళ్లు. ఆ పిట్టగోడ మీద కూర్చున్నోళ్లని వరసగా పిలువు, తెల్లారగట్ట మా ఆడోళ్ల గంపలు నెత్తికెత్తుకుని చెరువు చుట్టూ తిరిగి రోడ్డెక్కండి. వారం తిరిగి, అప్పుడు చెప్పండి గట్టు వద్దని."

ఫోన్ కట్ కాలేదు. వంతెన మీద గాలి వినిపిస్తూనే ఉంది.